క్రిమి పేరు అడిగే మందు

దుమ్ముగూడెం ఆనకట్ట దగ్గర గోదారిలో ఒక చెంబు ముంచి పైకి తీశామనుకోండి. అందులో ఏముంటాయి? నీళ్ళు, కాస్త ఒండ్రు, నాచు ముక్కలు. కంటికి ఆనని బాక్టీరియాలు. ఆ బాక్టీరియాల మీద పడి బతికే, వాటికంటే ఎంతో చిన్నవైన వైరస్‌లు. ఈ చివర చెప్పినవాటి గురించే ఇవాళ్టి కబుర్లు. పుస్తకాల్లో వాటిని బాక్టీరియోఫేజ్‌లు అంటారు. మనం ఫేజ్‌లు అనుకుందాం, నోరు తిరుగుతుంది. నదుల్లో, చెరువుల్లో మిల్లీలీటరు నీటికి పది లక్షల నుంచి కోటి దాకా వైరస్‌లు ఉంటాయనీ, వాటిలో ఎక్కువ భాగం ఫేజ్‌లేననీ అంచనా. లీటరు పట్టే చెంబైతే, అందులో ఉన్న గుంపు మన దేశ జనాభాతో పోటీ పడుతుంది.

వైరస్ అనగానే కరోనా రోజులు గుర్తొచ్చి మొహం చిట్లించకండి. వీటికి మనిషితో పని లేదు. మన ఒంటి కణాన్ని పట్టుకునే పనిముట్టే వీటి దగ్గర లేదు. మనం తినే కూరాకు మీదా ఇవి ఉన్నాయి, మన పేగుల్లోనూ ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ వీటితోనే కాపురం చేస్తున్నాం. వీటి కంటికి ఆనేది బాక్టీరియా ఒక్కటే. అందులోనూ ప్రతి బాక్టీరియా కాదు. ఇక్కడే ఉంది అసలు సంగతి. దీన్ని కాస్త నెమ్మదిగా చెప్పుకుందాం.

మన అడవుల్లో దసలి పట్టు పురుగును చూసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆ పురుగు మద్దిచెట్టు మీద ఎక్కించండి, ఆకులన్నీ గీకి పారేసి కాయంత గూడు కడుతుంది. అదే పురుగును తీసుకెళ్ళి వేపచెట్టు మీద వదలండి. పక్కనే ఎంత ఆకు ఉన్నా కడుపు మాడి చస్తుంది. ఫేజ్ తిండి వ్యవహారం దీనికంటే ఇరుకు. విరేచనాలు తెచ్చే బాక్టీరియాను చంపే ఫేజ్, పుండులో చీము పట్టించే బాక్టీరియాను కన్నెత్తి చూడదు. ఒకే జాతి బాక్టీరియాలోనే ఒక రకాన్ని పట్టుకుని, దాని అక్కచెల్లెళ్ళను వదిలేసే ఫేజ్‌లు బోలెడు.

పట్టుకుంటే మాత్రం వదలదు. టీ4 అని ఒక ఫేజ్ ఉంది, శాస్త్రవేత్తలు ఎక్కువగా చదివింది దాన్నే. పొడవు మిల్లీమీటరులో అయిదువేలో వంతు. పైన పలకలు తీరిన తల, దాని కింద గొట్టంలాంటి తోక, తోక చివర సన్నటి కాళ్ళు. ఆ కాళ్ళతో బాక్టీరియా గోడను తడుముతుంది. తనకు సరిపడే గుర్తు తగిలితే వాలిపోతుంది. తోకను కుదించి లోపలికి తన జన్యుపదార్థాన్ని ఎక్కిస్తుంది. ఆ క్షణం నుంచి ఇల్లు బాక్టీరియాది, పెత్తనం ఫేజ్‌ది. బాక్టీరియా తన పనులన్నీ ఆపేసి ఫేజ్ పిల్లల్ని తయారుచేయడంలో పడిపోతుంది. అరగంట తిరిగేసరికి లోపల వందా రెండొందలు పోగవుతాయి. అప్పుడు గోడను కరిగించే ఎంజైము ఒకటి పనిచేస్తుంది, బాక్టీరియా పగులుతుంది, పిల్లలన్నీ బయటపడి పక్క బాక్టీరియాల మీదికి పోతాయి. తిండి ఉన్నంతసేపూ పెరిగే మందు ఇది. తిండి అయిపోతే తనంతట తనే తగ్గిపోతుంది.

అన్ని ఫేజ్‌లూ ఇంత చురుకైనవి కావు. కొన్ని బాక్టీరియాలోకి దూరి, దాని జన్యువుల్లో కలిసిపోయి, ఏళ్ళ తరబడి కిమ్మనకుండా కూర్చుంటాయి. కలరా బాక్టీరియాకు విషం తయారుచేసే జన్యువును తెచ్చిపెట్టింది అలాంటి ఫేజే. కాబట్టి వైద్యానికి వాడాలంటే వెంటనే పగలగొట్టే రకాన్నే ఏరుకోవాలి.

"తాతయ్యా, ఇన్ని ఉన్నాయి కదా, మరి మందుగా ఎవరూ వాడలేదా?" అని అడిగింది నర్సింగ్ చదువుతున్న మా పెద్ద మనవరాలు. వాడారమ్మా. వాడి, వదిలేసి, మళ్ళీ వెతుక్కుంటున్నారు. ఆ కథలో మన దేశం మొదటి పేజీలోనే ఉంది.

1896లో ఆగ్రాలో ఎర్నెస్ట్ హాంకిన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ప్రభుత్వ రసాయన పరీక్షకుడిగా ఉండేవాడు. గంగ, యమున నీళ్ళలో కలరా క్రిములు వేసి చూశాడు. పచ్చి నీళ్ళలో అవి గంటల్లో చచ్చిపోతున్నాయి. అవే నీళ్ళు మరిగించి చల్లార్చి వేస్తే బతుకుతున్నాయి. నీళ్ళలో ఏదో ఉంది, మరిగితే పోతోంది. అదేమిటో ఆయనకు అంతుపట్టలేదు. చూసింది చూసినట్టు పారిస్‌లోని పాశ్చర్ సంస్థ పత్రికలో రాసి ఊరుకున్నాడు. అవి ఫేజ్‌లై ఉంటాయని తర్వాతివాళ్ళు అనుకున్నారు.

1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్ అనే ఆయన బాక్టీరియాల తెట్టె గాజులా కరిగిపోవడం చూశాడు. సరిగ్గా ఆ ఏడాదే పారిస్ దగ్గర సైనికుల్లో రక్తవిరేచనాలు ప్రబలాయి. పాశ్చర్ సంస్థలో పనిచేస్తున్న ఫెలిక్స్ డెరెల్ రోగుల మలాన్ని సన్నటి పింగాణీ వడపోతలో వడగట్టాడు. బాక్టీరియా దాటలేనంత సన్న రంధ్రాలవి. కిందికి దిగిన తేట నీటిని విరేచనాల బాక్టీరియా పెరుగుతున్న సీసాలో కలిపాడు. సాయంత్రం కుడితిలా ఉన్న సీసా తెల్లారేసరికి తేటపడింది. పళ్ళెంలో పొరలా పెంచిన బాక్టీరియా మీద వేస్తే, పొరలో అక్కడక్కడా గుండ్రటి బోసి మచ్చలు పడ్డాయి. ఒక్కో మచ్చ దగ్గర ఒక్కో ఫేజ్ దిగి, పెరిగి, చుట్టూ ఖాళీ చేసిందన్నమాట. ఇవాళ్టికీ ఫేజ్‌ను వెతకాలంటే, లెక్కపెట్టాలంటే ఈ మచ్చలే ఆధారం. 1917లో ఆయన ఈ సంగతి లోకానికి చెప్పాడు. 1919లో పారిస్ పిల్లల ఆసుపత్రిలో రక్తవిరేచనాలతో ఉన్న పన్నెండేళ్ళ కుర్రాడికి ఇచ్చాడు. ఇచ్చేముందు తానూ తాగాడు, అక్కడి వైద్యులూ తాగారు. వాళ్ళకేమీ కాలేదు. కుర్రాడు కోలుకున్నాడు.

1927లో ఆ డెరెల్ మన దేశం వచ్చాడు. అప్పట్లో కలరా వచ్చిందంటే ఊళ్ళు ఖాళీ అయ్యేవి. ఆయన పంజాబ్ ఊళ్ళలో రోగులకు కలరా ఫేజ్‌లు తాగించాడు, బావుల్లోనూ పోయించాడు. మరణాలు బాగా తగ్గాయని రాశాడు. ఆ ఊపులో ప్రభుత్వం బాక్టీరియోఫేజ్ విచారణ పేరుతో పెద్ద పని మొదలుపెట్టింది. అది 1936 దాకా సాగింది. అస్సాంలో నౌగాంగ్ ప్రాంతంలో ఫేజ్ సీసాలు ఊరూరా పంచి, హబీగంజ్ ప్రాంతంలో పంచకుండా, రెంటినీ పోల్చి చూశారు. నౌగాంగ్‌లో కలరా తగ్గింది. అయితే కలరా ఒక ఏడాది విరుచుకుపడి, మరో ఏడాది తనంతట తనే తగ్గే జబ్బు. తగ్గింది మందు వల్లనా, కాలం వల్లనా అని గట్టిగా తేల్చలేకపోయారు. డబ్బు ఆగింది, ఆ తర్వాత యుద్ధం వచ్చింది.

అమెరికాలోనూ కంపెనీలు ఫేజ్ సీసాలు అమ్మాయి. కొన్నిటిలో ఫేజ్ పేరే గాని ఫేజ్ లేదు. నిల్వ ఉండాలని కలిపిన రసాయనాలకే అది చచ్చిపోయేది. అన్నిటికంటే పెద్ద తప్పు వేరే ఉంది. పుండు ఏదైనా, జ్వరం ఏదైనా అదే సీసా. లోపల ఉన్న క్రిమి ఏదో చూడకుండా ఇస్తే ఫేజ్ ఏం చేస్తుంది? తన తిండి కనపడక ఊరికే తిరిగి, బయటికి పోతుంది. వైద్యులకు నమ్మకం పోయింది.

ఆ సమయానికి యాంటీబయాటిక్‌లు వచ్చాయి. ఈ కథలో మన తెలుగువాడు అడుగుపెట్టేది ఇక్కడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి అయ్యాడు. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఊరూరి మట్టి తెప్పించి జల్లెడపట్టాడు. మిస్సోరిలోని ఒక వ్యవసాయ క్షేత్రం మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. 1948లో దాన్ని ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దకొడుకు ఆ మందు.

దాని గొప్పతనం ఏమిటంటే అది క్రిమి పేరు అడగదు. పెన్సిలిన్‌కు లొంగనివీ దానికి లొంగాయి. ఊపిరితిత్తుల జబ్బైనా, మూత్రపు జబ్బైనా, టైఫస్ జ్వరమైనా ఒకటే గోళీ. ప్రయోగశాల లేని పల్లెలో, జబ్బేదో తేల్చే తీరిక లేని డాక్టరు చేతిలో అది అమృతమే. కోట్ల ప్రాణాలు నిలబడ్డాయి. నేను ఇవాళ మీకు కబుర్లు చెబుతున్నానంటే చిన్నప్పుడెప్పుడో అలాంటి గోళీ ఏదో నన్నూ నిలబెట్టే ఉంటుంది. అంత సుఖంగా ఉన్నప్పుడు, ఒక్కో క్రిమికి ఒక్కో ఫేజ్‌ను వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? సోవియట్ దేశంలోని జార్జియాలో మాత్రం ఆ పని ఆగలేదు. డెరెల్ స్నేహితుడు గియోర్గి ఎలియావా 1923లో త్బిలిసి నగరంలో పెట్టిన సంస్థ అది. స్టాలిన్ కాలంలో, 1937లో, ఎలియావాను కాల్చి చంపారు. సంస్థ మిగిలింది. పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్‌లోనూ ఒక కేంద్రం ఈ విద్యను బతికించింది.

క్రిమి పేరు అడగని మందుకు ఒక చిక్కుంది. మనమూ అడగడం మానేశాం. మన ఏజెన్సీ ఊళ్ళలో చూడండి. ఒళ్ళు వెచ్చబడితే ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూది, రెండు రోజుల గోళీలు. మూడో రోజుకు కాస్త తేలిక పడితే మిగతా గోళీలు గూట్లోకి. ఆ జ్వరం మలేరియానో, డెంగీనో, మామూలు పడిశమో అయితే ఆ గోళీకీ దానికీ సంబంధమే లేదు. కానీ పేగుల్లో ఉన్న బాక్టీరియాలు ఆ గోళీని చూశాయి. బలహీనమైనవి పోయాయి, తట్టుకున్నవి మిగిలాయి. మిగిలినవి పిల్లల్ని పెట్టాయి. పైగా ఈ తట్టుకునే విద్యను జన్యువుల రూపంలో పక్క జాతి బాక్టీరియాకూ అందిస్తాయి. మనుషులు మంత్రం చెప్పరు గానీ, ఇవి అడక్కుండానే చెబుతాయి.

ఊళ్ళో వాళ్ళను మాత్రమే అనడం న్యాయం కాదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, తొంభై దాకా మందుల ఫ్యాక్టరీల మురుగు వచ్చి చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికి పోయే నీటిని పరీక్షించారు. శుద్ధి అయ్యాక వదిలిన నీళ్ళవి. అందులో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. రోజుకు 45 కిలోల మందు అలా కాలువలోకి పోతోందని లెక్కగట్టారు. ఆ నీళ్ళు పోయేది నక్కవాగు మీదుగా మంజీరలోకి, మంజీర కలిసేది గోదారిలో. కోళ్ళ ఫారాల సంగతీ అంతే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను కోళ్ళు బలిసేందుకు మేతలో కలిపేవారు. 2019లో కేంద్ర ప్రభుత్వం తిండికి పెంచే జంతువుల్లో దాని వాడకాన్ని నిషేధించింది. అదే ఏడాది ప్రపంచంలో మందులకు లొంగని బాక్టీరియాల వల్ల నేరుగా పోయిన ప్రాణాలు 12.7 లక్షలని లాన్సెట్ పత్రికలో అంచనా వచ్చింది.

మా మనవరాలు ఆసుపత్రిలో చూసిన కల్చర్ రిపోర్టుల సంగతి చెప్పింది. రోగి చీమునో, మూత్రాన్నో, రక్తాన్నో తీసి, పళ్ళెంలో క్రిమిని పెంచి, ఏ మందుకు చస్తుందో చూస్తారు. చస్తే మందు పేరు ఎదురుగా ఎస్, చావకపోతే ఆర్. "కొన్ని కాగితాల్లో పై నుంచి కింది దాకా ఆర్‌లే ఉంటున్నాయి తాతయ్యా" అంది. అలాంటి కాగితం చేతికొచ్చాకే లోకం మళ్ళీ ఫేజ్‌ల వైపు తిరిగింది.

2015 చివర్లో టామ్ ప్యాటర్సన్ అనే అమెరికన్ ప్రొఫెసరు భార్యతో ఈజిప్టు చూడటానికి వెళ్ళి కడుపునొప్పితో పడిపోయాడు. క్లోమగ్రంథి దగ్గర పెద్ద తిత్తి, అందులో ఏసినెటోబాక్టర్ బామన్నియై అనే మొండి బాక్టీరియా. శాన్ డియాగో ఆసుపత్రికి చేర్చారు. ఏ మందుకూ లొంగలేదు. కోమాలోకి జారాడు. ఆయన భార్య స్టెఫనీ స్ట్రాత్‌డీ అంటువ్యాధుల శాస్త్రవేత్త. పాత పరిశోధనలు తిరగేసి, ఫేజ్‌ల మీద పనిచేసేవాళ్ళకు ఉత్తరాలు రాసింది. టెక్సాస్‌లోని ఒక విశ్వవిద్యాలయమూ, అమెరికా నౌకాదళ ప్రయోగశాలా స్పందించాయి. ఇక్కడ జరిగిన పని గమనించండి. వాళ్ళు గూట్లోంచి సీసా తీసి పంపలేదు. ప్యాటర్సన్ ఒంట్లోని బాక్టీరియానే తెప్పించుకున్నారు. మురుగునీటి నుంచీ, పాత నిల్వల నుంచీ తీసిన ఫేజ్‌లను దాని మీద ఒక్కొక్కటే వేసి, ఏది బోసి మచ్చ పెడుతుందో చూశారు. పెట్టినవాటినే ఏరి, శుభ్రం చేసి, ప్రభుత్వం అత్యవసర అనుమతి ఇచ్చాక 2016 మార్చిలో ఎక్కించారు. కొద్ది రోజులకే ఆయన కళ్ళు తెరిచాడు. మధ్యలో ఆ బాక్టీరియా మొదటి ఫేజ్‌లకు అలవాటు పడింది. అప్పుడు కొత్తవాటిని వెతికి ఇచ్చారు. ఆయన కోలుకుని ఇంటికి వెళ్ళాడు.

లండన్‌లో ఇంకో అమ్మాయి, పదిహేనేళ్ళ వయసు. పుట్టుకతో వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు. ఊపిరితిత్తులు మార్చాక క్షయ క్రిమికి చుట్టమైన ఒక మొండి బాక్టీరియా ఒళ్ళంతా పాకింది. 2017లో పిట్స్‌బర్గ్‌లోని గ్రాహం హాట్‌ఫుల్‌కు కబురు వెళ్ళింది. ఆయన దగ్గర పది వేలకు పైగా ఫేజ్‌ల నిల్వ ఉంది. వాటిలో చాలాభాగం పట్టింది కాలేజీ విద్యార్థులే. పెరట్లోంచి మట్టి తెచ్చుకోవడం, ఫేజ్‌ను పట్టుకోవడం, దానికి తమకు నచ్చిన పేరు పెట్టుకోవడం. చదువులో భాగంగా ఏటా ఇదే పని. అంత నిల్వలో ఆ అమ్మాయి క్రిమికి పనికొచ్చినవి మూడంటే మూడు. వాటిలోనూ రెంటికి జన్యుపరంగా మరమ్మతు చేయాల్సి వచ్చింది. మూడోది దక్షిణాఫ్రికాలో కుళ్ళిన వంకాయ అడుగున దొరికింది. జబ్బు పూర్తిగా పోలేదు గానీ పుళ్ళు మానాయి, అమ్మాయి లేచి తిరిగింది. ఇలా ఒంట్లోకి ఎక్కించిన ఫేజ్ వైద్యానికి పెట్టుబడి ఏమిటయ్యా అంటే విద్యార్థులు పోగేసిన మట్టి.

గెలుపు కథలే చెప్పి పంపిస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో విరేచనాలతో వచ్చిన పసిపిల్లలకు ఈ.కోలై బాక్టీరియాను చంపే ఫేజ్‌లు తాగించి చూశారు. 2016లో ఫలితం వచ్చింది. హాని ఏమీ లేదు, మేలూ ఏమీ లేదు. తరచి చూస్తే చాలామంది పిల్లల పేగుల్లో ఈ.కోలై తక్కువగానే ఉంది, వేరే బాక్టీరియాలు గుంపులు కట్టి ఉన్నాయి. ఉన్న కొద్ది ఈ.కోలై ఫేజ్‌లు పెరగడానికి చాలలేదు. తిండి లేని చెట్టు మీద పురుగును ఎక్కించారన్నమాట. యూరప్‌లో కాలిన గాయాల మీద ఫేజ్‌లు వాడి చూసిన ఫేగోబర్న్ అనే పరీక్షలో ఇంకో తప్పు దొర్లింది. తయారైన మందు నిల్వలో బలం కోల్పోయి, రోగికి చేరేసరికి అనుకున్నదానిలో పిసరంత ఫేజే మిగిలింది. పాత మలామే ముందుగా పనిచేసింది.

మన దేశంలో ఈ పనిని పట్టుదలగా చేస్తున్నది వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం. అక్కడ సూక్ష్మజీవశాస్త్ర ఆచార్యుడు గోపాల్ నాథ్ బృందం వారాల తరబడి మానని పుళ్ళున్న 20 మందిని తీసుకుంది. ముందు పుండులో ఉన్న బాక్టీరియా ఏదో తేల్చారు. దానికి సరిపడే ఫేజ్‌లను కలిపి పుండు మీద పూశారు. మూడు వారాలకు ఏడుగురికి పూర్తిగా మానింది, మిగతావారికి కొత్త కండ పట్టింది. పోల్చడానికి ఇంకో గుంపు లేని చిన్న పరీక్ష ఇది. దీన్ని పట్టుకుని పండగ చేసుకోకూడదు. కానీ మధుమేహంతో పాదం మీద పుండు పడి, వేలో కాలో తీసేయాల్సి వస్తున్న మనవాళ్ళ సంగతి తలుచుకుంటే, ఇలాంటి పని హైదరాబాద్‌లోనూ వరంగల్‌లోనూ పెద్ద ఎత్తున జరగాలని ఎవరికి అనిపించదు?

ఇక బాక్టీరియా ఫేజ్‌కు అలవాటు పడదా అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. పడుతుంది. ఫేజ్ పట్టుకునే గుర్తును గోడ మీద మార్చేసుకుంటుంది. కానీ ఆ మార్పు ఊరికే రాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ టర్నర్, బెంజమిన్ చాన్ ఒక చెరువు నీటిలో ఓంకో1 అనే ఫేజ్‌ను పట్టారు. సూడోమొనాస్ అనే బాక్టీరియా తనలోకి వచ్చిన యాంటీబయాటిక్‌ను బయటికి తోడేసే పంపు ఒకటి పెట్టుకుంటుంది. ఈ ఫేజ్ పట్టుకునేది ఆ పంపునే. ఫేజ్ నుంచి తప్పించుకోవాలంటే బాక్టీరియా పంపు వదులుకోవాలి. పంపు వదులుకుంటే పాత యాంటీబయాటిక్ మళ్ళీ పనిచేస్తుంది. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి. అందుకే ఈనాటి వైద్యులు రెంటినీ కలిపే ఇస్తున్నారు. బెల్జియం బృందం పర్యవేక్షణలో ఫేజ్ వైద్యం పొందిన వంద మంది లెక్కలు 2024లో వచ్చాయి. వందకు 77 మందిలో మెరుగు కనిపించింది, 61 మందిలో ఆ క్రిమి పూర్తిగా పోయింది. యాంటీబయాటిక్ తోడు లేనిచోట క్రిమి పోయే అవకాశం బాగా తక్కువ. సుబ్బారావుగారి తరం మందూ, డెరెల్ మందూ ఇప్పుడు ఒకే మంచం పక్కన నిలబడ్డాయి.

మన మందుల షాపులో ఫేజ్ దొరకదు. మన దేశంలో ఇంకా మామూలు వైద్యంగా రాలేదు. స్తోమత ఉన్నవాళ్ళు కొందరు త్బిలిసి దాకా వెళ్ళి చేయించుకుని వస్తున్నారు. అందరికీ అందాలంటే ముందు ఫేజ్‌ల నిల్వలు కావాలి, వాటిని శుభ్రంగా తయారుచేసే చోటు కావాలి, క్రిమి మారినప్పుడల్లా మందు కూడా మారుతుందని ఒప్పుకునే చట్టం కావాలి. ఏ క్రిమికి ఏది సరిపోతుందో రోజుల్లో తేల్చే ప్రయోగశాలలు కావాలి. ఫేజ్‌లకైతే కొదవ లేదు. మురుగు కాలువలోనూ, సంత వెనక కుప్పలోనూ, పర్ణశాల రేవులోనూ ఉన్నాయి. భద్రాచలంలో డిగ్రీ చదివే పిల్లలకు నాలుగు పళ్ళేలు, కాస్త అగర్, ప్రమాదం లేని బాక్టీరియా ఒకటి, పక్కన తెలిసిన మాస్టారు ఉంటే చాలు, వాళ్ళూ పట్టగలరు.

అయితే గోదారి నీళ్ళు పచ్చివి తాగితే మందు తాగినట్టేనా అని మా చిన్న మనవడు అడిగాడు. బుర్ర ఉన్న ప్రశ్న. కాదురా. ఫేజ్ ఉందంటే దాని తిండి అక్కడ ఉందని అర్థం. నీళ్ళలో ఈ.కోలై ఫేజ్‌లు కనపడితే ఆ నీళ్ళలో మలం కలిసిందని శాస్త్రవేత్తలు గుర్తుపడతారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు ఊళ్ళ మురుగంతా ఎటు పోయిందో చూసినవాళ్ళమే కదా. నది తనను తాను కొంత శుభ్రం చేసుకుంటుంది, మనం పోసే అంతా కాదు. కాచి చల్లార్చిన నీళ్ళకు గాని, క్లోరిన్ వేసిన నీళ్ళకు గాని ఫేజ్ సాటి రాదు.

ఫేజ్ మన ఊరికి ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. కానీ అది నేర్పే బుద్ధి ఇవాళే పనికొస్తుంది. ఫేజ్ క్రిమి పేరు తెలియకుండా అడుగు వేయదు. మనమూ అదే పట్టు పట్టాలి. వారాలైనా మానని పుండు, మాటిమాటికీ తిరగబెట్టే మూత్రపు మంట, ఆపరేషన్ తర్వాత వచ్చిన చీము, రెండు మందులు మార్చినా దిగని జ్వరం ఉంటే ఏరియా ఆసుపత్రిలో డాక్టరుగారిని ఒక్క మాట అడగండి: "కల్చర్ పరీక్ష చేయిస్తారా?" యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇస్తే ఫలితం సరిగ్గా వస్తుంది. రిపోర్టు వచ్చాక మందు మార్చమంటే మార్చండి, అక్కర్లేదంటే ఆపేయండి, వాడమంటే చెప్పినన్ని రోజులూ వాడండి. మనిషి ప్రాణం మీదికొచ్చి ఒళ్ళంతా విషం పాకుతున్నప్పుడు మాత్రం రిపోర్టు కోసం ఆగరు. డాక్టరు వెంటనే మందు మొదలుపెట్టి, కాగితం వచ్చాక సరిచేస్తారు. అది వాళ్ళ పని, అడ్డుపడకండి.

మా మనవరాలికి ఒక పని అప్పగించాను. చదువైపోయి ఏ ఆసుపత్రిలో చేరినా, మొదటి నెలలో అక్కడ కల్చర్ పరీక్షకు ఎన్ని శాంపిళ్ళు వెళుతున్నాయో, ఎన్ని రోజులకు జవాబు వస్తోందో రాసి పెట్టమన్నాను. జవాబు రోగి ఇంటికి పోయాక వస్తోందంటే అక్కడ మొదట బాగుచేయాల్సింది అదే. ఆ దారి సాఫీ అయ్యాకే ఫేజ్‌ను పిలవాలి. ఎందుకంటే వచ్చీ రాగానే అది అడిగే మొదటి ప్రశ్న మనకు తెలుసు, జవాబు మన చేతిలో సిద్ధంగా ఉండాలి.